బుజ్జమ్మకి, బ్యాంకు తాళాల గురించి

బుజ్జమ్మా,

మొన్న సాయంత్రం కింద పిల్లలతో ఆడుకుంటూ నువ్వు ఒక మాట అన్నావు, నేను కూరగాయల సంచి పట్టుకుని మెట్ల దగ్గరే ఆగిపోయి విన్నా. "మా అమ్మ నాకోసం, తమ్ముడి కోసం బ్యాంకు ఉద్యోగం మానేసింది" అన్నావు. ఎంత గొప్పగా చెప్పావో తల్లీ. నాకు మాత్రం కలుక్కుమంది. ఆ మాట నీకెలా వచ్చిందో తెలుసు, మనింటికి ఎవరొచ్చినా అదే అంటున్నారు కదా, పిల్లల కోసం ఎంత త్యాగం చేసిందో అని, వాళ్ళు మంచి మనసుతోనే అంటారు. కానీ ఇంకో పదేళ్ళకి ఆ మాట నీకు అప్పులా అనిపిస్తుందేమో అని భయమేసింది. 14 ఏళ్ళు జనానికి అప్పులిచ్చినదాన్ని, నువ్వు తీసుకోని అప్పు నీ ఖాతాలో పడనివ్వను. అందుకే అసలు జరిగింది రాస్తున్నా, ఇప్పుడు సగమే అర్థమైనా పర్లేదు, దాచుకో.

2011లో నేను బ్యాంకులో పీవోగా, అంటే ప్రొబేషనరీ ఆఫీసర్‌గా సెలెక్ట్ అయినప్పుడు మీ అమ్మమ్మ ఆ లెటర్ తీసుకెళ్ళి దేవుడి దగ్గర పెట్టి మూడు రోజులు తియ్యనివ్వలేదు. మన ఇంట్లో ఆడపిల్లకి గవర్నమెంట్ బ్యాంకు ఉద్యోగం అదే మొదలు. నాకు ఆ పని నిజంగా ఇష్టం బుజ్జీ, ఇది నువ్వు నమ్మాలి. మన గుంటూరు వైపు రైతులు జూన్ జులైల్లో విత్తనాలకీ ఎరువులకీ గోల్డ్ లోన్ పెట్టుకుంటారు, భార్యల నగలు చేతిరుమాల్లో మూటకట్టి తెస్తారు, మళ్ళీ మిర్చి యార్డులో సరుకు అమ్ముకున్నాక ఆడవాళ్ళే వచ్చి విడిపించుకుని కౌంటర్ దగ్గరే మెళ్ళో వేసుకుని వెళ్ళేవాళ్ళు. ఆ గొలుసు సర్దుకునేటప్పుడు వాళ్ళ మొహం చూడాలి. ఆ ఏడు రేటు పడిపోతే మాత్రం వడ్డీ కట్టి రెన్యువల్ చేయించుకుని తలొంచుకుని వెళ్ళేవాళ్ళు, ఆ రోజు నాకు అన్నం సయించేది కాదు.

నువ్వు కడుపులో ఉన్నప్పుడే నోట్ల రద్దు వచ్చింది, 2016 నవంబర్ 8 రాత్రి. పదో తారీఖు బ్యాంకు తలుపులు తీసేసరికి క్యూ రోడ్డు మీదకి ఉంది, ఒక్కొక్కళ్ళకి నాలుగు వేలే మార్చాలి, ఆ వారం శని ఆదివారాలు కూడా పని చేశాం. నాకు అయిదో నెల, కాళ్ళు వాచిపోయేవి, క్యూలో నుంచి ఒక పెద్దావిడ ఇంటి నుంచి తెచ్చుకున్న మజ్జిగ సీసా నాకిచ్చి "తాగమ్మా, లోపల బిడ్డుంది" అంది. పొద్దుటి నుంచి నిలబడింది ఆవిడ. ఇప్పటికీ మజ్జిగ చూస్తే ఆవిడే గుర్తొస్తుంది.

ఇక తాళాల సంగతి. బ్యాంకులో క్యాష్ ఉండే స్ట్రాంగ్ రూమ్ ఒక్కళ్ళు తియ్యలేరు, రెండు తాళాలుంటాయి, ఒకటి క్యాషియర్ దగ్గర ఒకటి ఆఫీసర్ దగ్గర, జాయింట్ కస్టడీ అంటారు. నేను సత్తెనపల్లి బ్రాంచిలో ఉన్నప్పుడు ఆ రెండో తాళం నాదే. 2019లో ఒక రోజు పొద్దున్నే నీకు 103 జ్వరం, నాన్న క్యాంపులో ఉన్నారు, నా బ్యాగులో తాళాలున్నాయి. నేను వెళ్ళకపోతే బ్రాంచిలో క్యాష్ బయటికి రాదు, అది పింఛన్ల రోజు, పొద్దున్న ఎనిమిదికే ముసలివాళ్ళు అరుగు మీద వచ్చి కూర్చుంటారు. నిన్ను అమ్మమ్మ చేతిలో పెట్టి బస్సెక్కా. గంట ప్రయాణం, ఇంకో ఆఫీసర్‌కి తాళం అప్పజెప్పి రిజిస్టర్‌లో సంతకాలు పెట్టి మళ్ళీ బస్సెక్కి వచ్చేసరికి పన్నెండయింది, నువ్వు హాస్పిటల్లో సెలైన్ పెట్టించుకుని నిద్రపోతున్నావు. నీకది గుర్తే లేదు. నాకు ఆ బస్సులో కిటికీ పక్క సీటు కూడా గుర్తుంది. కానీ చూడు, ఆ రోజు కూడా నేను రాజీనామా చెయ్యలేదు, మర్నాడు వెళ్ళా, ఆ తర్వాత ఇంకో ఆరేళ్ళు వెళ్ళా. కరోనా లాక్‌డౌన్‌లో కూడా వెళ్ళా, జన్‌ధన్ ఖాతాల్లో ఆడవాళ్ళకి అయిదొందలు పడితే తీసుకోడానికి జనం వచ్చేవాళ్ళు, ఇంటికొచ్చి స్నానం చేసేదాకా నువ్వు గదిలో నుంచి తలుపు కొడుతూనే ఉండేదానివి. నీ వల్లే మానేసేదాన్నయితే ఎప్పుడో మానేద్దును.

మరి 2025లో ఎందుకు మానేశానంటే, ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ వచ్చింది, ఈసారి వేరే రాష్ట్రం. తమ్ముడికి మూడేళ్ళు, అమ్మమ్మకి మోకాళ్ళ ఆపరేషన్ అయ్యి నాలుగు నెలలు, నాన్న ఉద్యోగం ఇక్కడ. రిక్వెస్ట్ పెట్టా, కాదన్నారు. అప్పుడు నేనూ నాన్నా రాత్రిళ్ళు కూర్చుని పేపర్ మీద లెక్కలేశాం, నేను మిమ్మల్ని తీసుకెళ్తే ఎంత, వదిలి వెళ్తే ఎంత, నాన్న మానేస్తే ఎంత అని, అవును, నాన్న మానేసే లెక్క కూడా వేశాం, ఆయనే అడిగారు. మానేస్తే మన ఇంటి లోన్‌కి స్టాఫ్‌కిచ్చే తక్కువ వడ్డీ రేటు పోయి అందరికీ ఉండే రేటు పడుతుంది, ఈఎంఐ పెరుగుతుంది, అదీ రాసుకున్నాం. ఆ కాగితం నా బీరువాలో ఉంది, పెద్దయ్యాక చూపిస్తా. లెక్కలన్నీ అయ్యాక నాన్న ఒకటే అడిగారు, నీకేం కావాలి అని. నేను అలిసిపోయాను అన్నా. అంతే తల్లీ. 14 ఏళ్ళలో ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. నేను అలిసిపోయి, నాకు కావాలని, మీతో ఉండాలని నాకే ఆశపుట్టి మానేశా. మీరిద్దరూ నన్నేమీ అడగలేదు.

మూడు నెలల నోటీసు అయ్యాక ఆఖరి రోజు తాళం అప్పజెప్పి రిజిస్టర్‌లో సంతకం పెడుతుంటే చెయ్యి వణికింది. ఇంటికొచ్చాక కూడా చాలా రోజులు, తలుపు తీసేముందు చెయ్యి దానంతటదే బ్యాగులోకి వెళ్ళి తాళాలు వెతికేది. కొన్ని రోజులు దిగులుగా ఉంటుంది, మార్చి 31 వచ్చినప్పుడు బ్యాంకులో ఏడాది లెక్కలు ముగించే క్లోజింగ్ గుర్తొచ్చి వంటగదిలో ఏడ్చా కూడా, నువ్వు చూశావు, ఉల్లిపాయలని అబద్ధం చెప్పా. అది నీ మీద కోపం కాదు, ఇష్టమైన పని పోయిన బాధ, అది నాది, నేను చూసుకుంటా. మళ్ళీ ఏదైనా చేస్తానేమో, తమ్ముడు కాస్త పెద్దవనీ, చూద్దాం.

ఎవరన్నా అడిగితే ఇక నుంచి "మా అమ్మ అలిసిపోయింది, ఇంట్లో ఉండాలనుకుంది" అని చెప్పు, అదే నిజం.

ఇంకో విషయం. వచ్చే ఏప్రిల్‌కి నీకు పదేళ్ళు నిండుతాయి, అప్పుడు నీ సేవింగ్స్ ఖాతా నువ్వే నడుపుకోవచ్చు. మనిద్దరం సత్తెనపల్లి బ్రాంచికే వెళ్దాం, ఆ బస్సులోనే, కిటికీ పక్కన నువ్వు కూర్చో. ఫారం నువ్వే నింపు, సంతకం ఇప్పటి నుంచే ప్రాక్టీస్ చెయ్యి, ఒకేలా రావాలి, లేకపోతే ఒప్పుకోరు. నేను కౌంటర్‌కి ఇవతల నీ పక్కన నిలబడతా.

అమ్మ