ఏ వైఫైలో చేరాలో నిర్ణయించే వీలు మన చేతికివ్వాలి

సంపాదకులు గారికి నమస్కారం.

సైబర్ జాగ్రత్తల మీద మీ పత్రికలో వచ్చే వ్యాసాలు వదలకుండా చదువుతాను. పాస్‌వర్డుల గురించి, ఓటీపీల గురించి చాలా రాశారు. కంప్యూటర్ తెరవగానే అది తనంతట తాను ఏ వైఫైలో చేరుతోంది, ఆ నిర్ణయం ఎవరిది అన్న సంగతి మాత్రం ఎక్కడా కనిపించలేదు. నేను ఇంటి నుంచి ఆన్‌లైన్‌లో పిల్లలకు లెక్కలు చెబుతాను. నా పని సాగడం, ఆగడం దీని మీదే ఉంది కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా రూటర్ హాల్లో ఉంటుంది. నేను పాఠం చెప్పే గదికీ దానికీ మధ్య రెండు గోడలు. ఆ ఒక్క రూటరే రెండు పేర్లతో సిగ్నల్ ఇస్తుంది. ఒక్కో పేరు ఒక్కో రేడియో తరంగ శ్రేణిది. 2.4 గిగాహెర్ట్జ్‌ది గోడలు దాటి దూరం వస్తుంది కానీ వేగం తక్కువ, పైగా ఇరుగుపొరుగు రూటర్లతో రద్దీ. 5 గిగాహెర్ట్జ్‌ది వేగంగా ఉంటుంది, గోడలు అడ్డొస్తే బలం తగ్గుతుంది. ఇవి కాక రూటర్ మొరాయించినప్పటి కోసం నా ఫోన్ హాట్‌స్పాట్. ల్యాప్‌టాప్‌కు ఈ మూడూ తెలుసు. మూత మూసి తెరిస్తే చాలు, మూడింటిలో ఏదో ఒకటి పట్టుకుంటుంది. అది హాట్‌స్పాట్‌లో చేరి, వెనకాల పెద్ద అప్‌డేట్ దించుకుంటూ ఉంటే క్లాసులో నా గొంతు ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది. భిన్నాల కూడిక మధ్యలో ఉండగా “మేడమ్, హారం ఎంతన్నారు?” అని పిల్లలు అడుగుతుంటే ఎంత టెన్షనో చెప్పలేను. ఒక అంకె వినపడకపోతే లెక్కంతా పోతుంది కదా.

కంప్యూటర్‌కు సిగ్నల్ బలం తెలుస్తుంది. ఏ కనెక్షన్‌లో డేటా తక్కువ ఉందో, ఏ గంటకు నాకు క్లాసుందో దానికి తెలియదు. తెర మీద వైఫై గుర్తులో కనిపించే గీతలు కూడా కంప్యూటర్‌కూ రూటర్‌కూ మధ్య ఉన్న సిగ్నల్ సంగతే చెబుతాయి, రూటర్ అవతల ఇంటర్నెట్ ఎలా ఉందో చెప్పవు. అందుకే ముందు ఇది, ఇది దొరక్కపోతే అది అని వరస పెట్టాల్సింది మనిషే.

ఒకప్పుడు ఆ వీలు అందరికీ ఉండేది. విండోస్ 7లో తెలిసిన నెట్‌వర్కులన్నీ ఒక జాబితాగా కనిపించేవి. కావాల్సినదాన్ని పైకి జరుపుకుంటే సరిపోయేది. 2012లో విండోస్ 8 వచ్చేసరికి ఆ జాబితా తీసేశారు. మ్యాక్‌లో మౌస్‌తో లాగి వరస మార్చుకునేవాళ్లం. 2022లో మ్యాక్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వెంచురాతో అదీ పోయింది. రెండింటిలోనూ ఇప్పటికీ మార్చవచ్చు, కాకపోతే కమాండ్ తెర తెరిచి ఆదేశాలు అక్షరం తప్పకుండా టైప్ చేయాలి. మా విద్యార్థుల అమ్మానాన్నల్లో అది చేయగలిగేవాళ్లు ఎంతమంది? విండోస్‌లాగే కంప్యూటర్‌ను నడిపే మరో సాఫ్ట్‌వేర్ లినక్స్. అందులో కనెక్షన్లు చూసుకునే నెట్‌వర్క్ మేనేజర్ అనే ప్రోగ్రామ్ చేసే ఏర్పాటు నాకు నచ్చుతుంది. ప్రతి కనెక్షన్‌కూ -999 నుంచి 999 దాకా ఒక ప్రాధాన్య సంఖ్య ఇవ్వవచ్చు. ఏమీ ఇవ్వకపోతే సున్నా. పెద్ద సంఖ్య ఉన్నదానికే మొదట కలుస్తుంది. ఇంత సూటిగా ఉండే పనిని మిగతావాళ్లు ఎందుకు దాచిపెట్టాలి?

ఈలోగా మనం చేసుకోగలిగింది కొంత ఉంది. విండోస్‌లో వద్దనుకున్న నెట్‌వర్కుకు ఆటోమేటిక్‌గా కనెక్ట్ అయ్యే గడిలో టిక్ తీసేయాలి. హాట్‌స్పాట్‌ను ‘మీటర్డ్ కనెక్షన్’గా, అంటే డేటాకు పరిమితి ఉన్న కనెక్షన్‌గా గుర్తిస్తే అప్‌డేట్‌లు చాలావరకు ఆగుతాయి. రెండు నెట్‌వర్కులూ అందే చోట కూర్చుని, ఒకదానిలో ఉండగా మనమే రెండోదాన్ని ఎంచుకుంటే, ఆ తర్వాత విండోస్ రెండోదాన్నే ముందు చూస్తుంది. మ్యాక్‌లో ఒక్కో నెట్‌వర్కుకూ ‘ఆటో జాయిన్’ (తనంతట తాను చేరడం) విడిగా ఆపవచ్చు.

నాకు ఎక్కువ భయం కలిగించేది పాస్‌వర్డ్ లేని వైఫై. ప్రయాణంలోనో, ఎక్కడైనా ఎదురుచూస్తున్నప్పుడో ఒకసారి వాడి మర్చిపోతాం. కంప్యూటర్ మర్చిపోదు. ఆటోమేటిక్ గడిలో టిక్ అలాగే ఉంటే, అదే పేరు మరోచోట కనిపించినా చేరిపోతుంది. వైఫైకి ఎవరైనా ఏ పేరైనా పెట్టుకోవచ్చు, పాస్‌వర్డ్ లేనిచోట అది అసలుదా నకిలీదా అని పోల్చుకోవడానికి కంప్యూటర్‌కు ఆధారం లేదు. బ్యాంకు సైట్లకు వాటి రక్షణ ఉన్నా, ఆ నకిలీ నెట్‌వర్కు నడిపేవాడు మనం ఏయే సైట్లకు వెళుతున్నామో చూడగలడు, మోసపు లాగిన్ పేజీ ముందుకు తేగలడు. తెలిసిన నెట్‌వర్కుల జాబితాలోకి వెళ్లి అలాంటి పాత పేర్లన్నిటికీ ‘ఫర్‌గెట్’ కొట్టాలి.

ఇంటి వైఫై పేరు కనిపించకుండా దాచిపెట్టమని చాలామంది చెబుతుంటారు. దయచేసి మీరు ఆ సలహా వేయకండి. దాచిన నెట్‌వర్కులో తనంతట తాను చేరాలంటే, అది దగ్గర్లో ఉందో లేదో తెలియక ల్యాప్‌టాప్ దాని పేరు పెట్టి పిలుస్తూ ఉండాలి. ఇల్లు దాటి ఎక్కడికి తీసుకెళ్లినా పిలుస్తుంది, వినాలనుకున్నవాడికి ఆ పేరు వినిపిస్తుంది. దాచడం కన్నా గట్టి పాస్‌వర్డ్ పెట్టడం ఎంతో మేలు.

మీ టెక్నాలజీ పేజీలో ఒక వారం దీనికి చోటివ్వండి. విండోస్‌కు, మ్యాక్‌కు, ఫోన్లకు విడివిడిగా, ఏ మెనూలో ఏం నొక్కాలో తెరల బొమ్మలతో సహా వేయండి. వరస మార్చుకునే ఆ జాబితాను మళ్లీ అందరికీ కనిపించే చోట పెట్టమని కంపెనీలను మీ పత్రిక తరఫున అడగండి. మాలాంటివాళ్లం విడివిడిగా పంపే ఫీడ్‌బ్యాక్ కన్నా పత్రిక అడిగితే బరువుంటుంది.

ఇట్లు,
ఒక లెక్కల టీచర్