ఆ మూడో పొర వద్దు

సంపాదకుడు గారికి,

మా వీధిలో మొదటిసారి సిమెంటు రోడ్డు వేసినప్పుడు మా ఇంటికి మూడు మెట్లుండేవి. ఇప్పుడు ఒక్కటే మిగిలింది. మెట్లు మేం తీయలేదు, రోడ్డే పైకొచ్చింది. పాతది పగిలిందని దాని మీదే ఇంకో పొర పోశారు. మొన్న మళ్లీ కొలతలు తీసుకెళ్లారు. ఆ ఒక్క మెట్టూ పోతే వానాకాలంలో వీధి నీళ్లు నేరుగా మా వసారాలోకే. పక్కింటివాళ్లు ఇప్పటికే గడప ముందు ఇటుకలతో అడ్డుగోడ కట్టుకున్నారు.

పోనీ, పైన పోసింది మన్నిందా? కింది పలక ఎక్కడ పగిలి ఉందో, రెండేళ్లు తిరక్కుండానే పైపొర కూడా సరిగ్గా అక్కడే బీటలిచ్చింది. పలకల మధ్య జాయింట్లలో నింపిన తారు ఎండి ఊడిపోతే వాననీళ్లు అందులోంచి కిందికి దిగుతాయి. బరువు బండి వెళ్లినప్పుడల్లా ఆ నీళ్లు మట్టిని వెంటబెట్టుకుని పైకి చిమ్ముతాయి. అలా అడుగున డొల్ల పడుతుంది. ఇక ఇసుక లారీ ఒక్కటి చాలు, పలక మూల విరగడానికి. కుళాయి పైపుల కోసం కోసి, దిమ్మిస కొట్టకుండా పూడ్చిన చోట అయితే లారీ కూడా అక్కర్లేదు.

బాగుచేయడం తేలికని నేననను. విరిగిన పలకను కోసి తీసి, అడుగు గట్టిపరిచి, మళ్లీ పోయాలి. కాంక్రీటు బలానికి 28 రోజులు లెక్క. ఇరుకు వీధిలో అన్నాళ్లు బండ్లు ఆపమంటే మనమే ఊరుకోం. కిందటిసారి మూడో రోజే గోనెపట్టాలు లాగేసి బైకు నడిపారు. నడిపింది మావాడే, దాచడం ఎందుకు. పైగా కొత్త రోడ్డుకైతే శిలాఫలకం ఉంటుంది, జాయింట్లలో తారు నింపితే ఎవరు వేస్తారు?

పాత పొర గీకేశాకే కొత్తది వేయాలని తమిళనాడు ప్రధాన కార్యదర్శి 2021లో అధికారులను ఆదేశించారు. తారైతే గీకొచ్చు, సిమెంటు పగలగొట్టిన ముక్కలు ఎక్కడ పోయాలంటారా? హైదరాబాద్‌లో జీడిమెట్ల, ఫతుల్లాగూడల్లో శిథిలాలను కంకరగా మార్చే ప్లాంట్లున్నాయి. కాంక్రీటులో వాడే కంకర, ఇసుకలకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 383ను 2016లో సవరించారు. దాని ప్రకారం, చువ్వలు లేని కాంక్రీటు కంకరలో 25 శాతం దాకా పాత కాంక్రీటు నుంచి తీసిన కంకర వాడొచ్చు.

మా వీధి కొలిచిన ఇంజినీరు గారికి నా మనవి: ఎస్టిమేట్‌లో పాత రోడ్డు తొలగించే ఖర్చు చేర్చండి. కొత్త రోడ్డు గడపకు ఎంత కింద ఉండాలో అందులోనే రాయండి. అంత డబ్బు లేదంటే విరిగిన పలకలు మాత్రం మార్చి, జాయింట్లు నింపి వెళ్లండి.

- ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, ప్రకాశం జిల్లా