కదిపే ముందు ఏది దేనితో మాట్లాడుతోందో చూడు

బుజ్జీ,

నీ మెయిల్, దానికి జతచేసిన ప్లాన్ రెండూ చదివాను. 420 సర్వర్లు, 18 నెలలు, లీజు ముగిసేలోపు హైదరాబాద్ డేటా సెంటర్ మొత్తం ఖాళీ చేసి క్లౌడ్‌కి వెళ్లాలి. ఇంత పని నీ చేతికి ఇచ్చారంటే నాకు గర్వంగా ఉంది. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుందని కూర్చుని రాస్తున్నాను. టూల్స్ గురించి, ఖర్చు గురించి బాగానే రాశావు. ఏ అప్లికేషన్ దేనితో మాట్లాడుతోందన్న లెక్క మాత్రం అందులో ఎక్కడా కనబడలేదు. ఇలాంటి పనుల్లో దెబ్బ తగిలేది చాలావరకు అక్కడే. అందుకే ఎక్కువగా దాని గురించే రాస్తాను.

ముందు జాబితా. మీ సీఎండీబీని (కంపెనీలో ఉన్న సర్వర్లు, సాఫ్ట్‌వేర్ల రికార్డు) నమ్ముకుని మొదలుపెట్టకు. పెద్ద కంపెనీల్లో అది ఆడిట్ ముందు నింపి తర్వాత వదిలేసినదే అయి ఉంటుంది. నాలుగు చోట్ల నుంచి పేర్లు తీసి ఒకే షీట్‌లో పక్కపక్కన పెట్టు: వీసెంటర్ (వర్చువల్ సర్వర్లను నడిపేది), యాక్టివ్ డైరెక్టరీ (యూజర్లు, కంప్యూటర్ల ఖాతాల పట్టిక), బ్యాకప్ సాఫ్ట్‌వేర్, మానిటరింగ్. నాలుగింట్లోనూ ఉన్నవాటితో పేచీ లేదు. వీసెంటర్‌లో ఉండి బ్యాకప్‌లో లేని సర్వర్ కనబడితే ఆగు. అది ఎవరికీ అక్కర్లేనిదైనా అయి ఉండాలి, లేదా ఇన్నాళ్లూ రక్షణ లేకుండా నడుస్తున్న ముఖ్యమైనదైనా అయి ఉండాలి. మానిటరింగ్‌లో ఉండి వీసెంటర్‌లో లేనిదంటే ఏదో రాక్‌లో నిజంగా ఒక డబ్బా ఉందన్నమాట. వెళ్లి కళ్లారా చూడు, వెనకాల యూఎస్‌బీ డాంగిల్ (లైసెన్స్‌కి తాళంలా పనిచేసే చిన్న ముక్క) ఏదైనా గుచ్చి ఉందేమో కూడా చూడు. లైసెన్స్ ఆ డాంగిల్‌తోనో, నెట్‌వర్క్ కార్డుకుండే మాక్ అడ్రస్‌తోనో ముడిపడి ఉంటే ఆ సాఫ్ట్‌వేర్ క్లౌడ్‌లో లేవదు. అమ్మినవాళ్ల నుంచి కొత్త లైసెన్స్ తెప్పించడానికే నెల పోవచ్చు.

షీట్‌లో ప్రతి వరుసకీ ఓనర్‌గా ఒక మనిషి పేరు రాయి. డిపార్ట్‌మెంట్ పేరు రాస్తే ఒప్పుకోకు. ‘ఫైనాన్స్’ అని రాసి ఉంటే రాత్రి రెండింటికి ఎవరికి ఫోన్ చేస్తావు?

ఇక మాటల లెక్క. ఒక రోజు నెట్‌స్టాట్ (ఆ క్షణంలో ఉన్న కనెక్షన్లు చూపే కమాండ్) తీసి చూస్తే చాలదు. ఫైర్‌వాల్ లాగ్‌లు, నెట్‌ఫ్లో (ఏది దేనికి ఎంత పంపిందో రౌటర్లు రాసుకునే లెక్క), లేదా సర్వర్ల మీద డిస్కవరీ ఏజెంట్లు (కనెక్షన్లు గమనించే చిన్న ప్రోగ్రాములు) పెట్టి కనీసం 45 రోజులు పోగు చెయ్యి. అందులో ఒక నెలాఖరు తప్పకుండా పడాలి, వీలైతే క్వార్టర్ ముగింపు కూడా. జీతాల ఫైలు నెలకోసారే బ్యాంకుకు వెళ్తుంది, టీడీఎస్ రిటర్నుల ఫైలు మూడు నెలలకోసారే తయారవుతుంది. మార్చి 31కి మాత్రమే నడిచే జాబులు ఏ ట్రాఫిక్‌లోనూ నీకు దొరకవు. వాటి కోసం ఏ పని ఎప్పుడు నడవాలో రాసి ఉంచే క్రాన్‌ట్యాబ్‌లు, టాస్క్ షెడ్యూలర్, ఎస్‌క్యూఎల్ ఏజెంట్ జాబులు తెరిచి చదవాల్సిందే. హోస్ట్స్ ఫైళ్లు, డేటాబేస్ లింకులు, కాన్ఫిగ్ ఫైళ్లలో నేరుగా రాసేసిన ఐపీ అడ్రస్‌లు కూడా వెతికించు. డీఎన్‌ఎస్ (సర్వర్ పేరుకి ఐపీ అడ్రస్ చెప్పే వ్యవస్థ) మార్చినా ఇవి పాత చిరునామానే పట్టుకుని వేలాడతాయి.

ఇదంతా ఎందుకో ఒక్క లెక్క వేసి చూపిస్తాను. ఒక ఇన్‌వాయిస్ పేజీ తెరవడానికి అప్లికేషన్ తన డేటాబేస్‌ని 400 సార్లు అడుగుతుందనుకో. పాత కోడ్‌లో లూప్ లోపల క్వెరీ పెట్టడం మామూలే కాబట్టి ఇదేం పెద్ద సంఖ్య కాదు. రెండూ పక్కపక్క రాక్‌ల్లో ఉంటే ఒక్కో రాకపోకకు అర మిల్లీసెకను, మొత్తం 0.2 సెకను. అప్లికేషన్‌ని ముంబైకి పంపేసి డేటాబేస్‌ని ‘వచ్చే నెల చూద్దాం’ అని హైదరాబాద్‌లోనే ఉంచారనుకో. ఒక్కో రాకపోకకు 15 మిల్లీసెకన్లు వేసుకున్నా అదే పేజీకి 6 సెకన్లు. అప్పుడు చూస్తే సీపీయూ పది శాతం దాటదు, లింక్ ఖాళీగానే ఉంటుంది, మానిటరింగ్ అంతా పచ్చగా ఉంటుంది, కౌంటర్ దగ్గర మనిషి మాత్రం పేజీ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటాడు. బ్యాండ్‌విడ్త్ రెట్టింపు చేసినా దూరం తగ్గదు కదా.

అందుకని వేవ్‌లను (ఒక్కో విడతలో కలిసి కదిలే సర్వర్ల గుంపులను) డిపార్ట్‌మెంట్ల వారీగా కాకుండా ఈ మాటల లెక్కను బట్టి విడదియ్యి. ఒకదాన్నొకటి నిమిషానికి వేలసార్లు పలకరించుకునేవి ఒకే రాత్రి కలిసి వెళ్లాలి. రోజుకో ఫైలు పంపుకునేవి విడివిడిగా వెళ్లినా ఫర్వాలేదు. ఏడబ్ల్యూఎస్‌కి (అమెజాన్ క్లౌడ్) 2022 నవంబర్ నుంచి హైదరాబాద్ రీజియన్ (ఒక ప్రాంతంలోని డేటా సెంటర్ల సముదాయం) ఉంది. మీ ఆఫీసు, డేటా సెంటర్ రెండూ ఇక్కడే కాబట్టి అదే మెయిన్‌గా పెట్టుకుని, డీఆర్‌ను (ప్రమాదం జరిగితే ఆదుకునే ప్రత్యామ్నాయ ఏర్పాటు) ముంబైలో పెట్టడం నాకు నచ్చింది. ముంబైలో దొరికే సర్వీసులన్నీ, సర్వర్ రకాలన్నీ హైదరాబాద్‌లో కూడా ఉన్నాయో లేదో మాత్రం ఒక్కొక్కటీ సరిచూసుకో.

నెట్‌వర్క్ విషయంలో మొదటి వారమే రెండు పనులు చెయ్యి. ఒకటి, ప్రైవేట్ లింకులకు ఆర్డర్ పెట్టు, అవి చేతికి రావడానికి నెలలు పట్టొచ్చు. రెండు వేర్వేరు కంపెనీల నుంచి తీసుకుంటున్నామని ఊరుకోకు, ఇద్దరి దగ్గరా కేబుల్ వెళ్లే దారి మ్యాప్ అడుగు. రెండూ ఒకే గోతిలోంచి వెళ్తుంటే రోడ్డు తవ్వే ఒక్క జేసీబీతో రెండూ పోతాయి. రెండోది, ఐపీ రేంజ్‌లు. మీ బ్రాంచీల్లో ఎక్కడో 10.20.0.0/16 రేంజ్ వాడుతుండగా క్లౌడ్‌లో కూడా అదే పెట్టేస్తే తర్వాత కలపడం నరకం. సబ్‌నెట్లు (రేంజ్‌లోంచి కోసిన ముక్కలు) మరీ ఇరుకుగా కొయ్యకు. ఏడబ్ల్యూఎస్ ప్రతి సబ్‌నెట్‌లోనూ 5 అడ్రస్‌లు తనకే ఉంచుకుంటుంది, /24 (256 అడ్రస్‌లు) తీసుకుంటే నీకు మిగిలేవి 251. రేపు అక్కడ కుబర్నెటిస్ (కంటైనర్లను నడిపే సాఫ్ట్‌వేర్) పెడితే మామూలు సెట్టింగ్‌లో ఒక్కో పాడ్‌కి (అందులో నడిచే ఒక్కో యూనిట్‌కి) ఒక్కో అడ్రస్ పోతుంది.

డేటా తరలింపుకి నువ్వు రాసిన ‘ఒక వీకెండ్’ సరిపోదు. 40 టీబీని 1 గిగాబిట్ లింక్ మీద పంపాలంటే లింక్ మొత్తం నీకే ఇచ్చినా 3.7 రోజులు. ఉద్యోగులు కూడా వాడుకునే లింక్ కాబట్టి 60 శాతం దక్కిందనుకుంటే ఆరు రోజులు దాటుతుంది. కాబట్టి రెండు మూడు వారాల ముందే రెప్లికేషన్ (డేటాను అవతలికి కాపీ చేస్తూ ఉండటం) మొదలుపెట్టి, తర్వాత రోజువారీ మార్పులు మాత్రం పంపుతూ ఉండాలి. ఒక సంగతి చాలామందికి తట్టదు: ఆదివారం రాత్రి డేటాబేస్‌లో ఇండెక్స్ రీబిల్డ్ (వెతుకులాట పట్టికలను మళ్లీ కట్టడం) నడిస్తే అసలు డేటా ఏమీ మారకపోయినా డిస్క్ మీద ఆ ఇండెక్స్ బ్లాకులన్నీ మారతాయి, రెప్లికేషన్ గంటల కొద్దీ వెనకబడుతుంది. కటోవర్ (పాతది ఆపి కొత్తదానికి మారడం) వారంలో ఆ జాబ్ ఆపించు.

ఓఎస్ అప్‌గ్రేడ్‌నీ తరలింపునీ ఒకే రాత్రి పెట్టకు. విండోస్ సర్వర్ 2012కి సపోర్ట్ 2023 అక్టోబర్ 10తో, సెంటోస్ 7కి 2024 జూన్ 30తో ముగిసింది కాబట్టి అవి మారాల్సిందే, కాదనను. కానీ రెండు మార్పులు ఒకేసారి చేస్తే, ఏదైనా తేడా వచ్చినప్పుడు దేనివల్లో ఎవరూ చెప్పలేరు. నెల ముందు ఇక్కడే మార్చి, స్థిరపడ్డాక కదుపు.

చిన్నగా కనిపించేది ఇంకొకటి. క్లౌడ్‌లో కొత్తగా లేపిన లైనక్స్ సర్వర్ గడియారం మామూలుగా యూటీసీలో (మనకంటే అయిదున్నర గంటలు వెనక ఉండే ప్రామాణిక సమయం) ఉంటుంది. రాత్రి ఒంటిగంటకు పెట్టిన బ్యాచ్ జాబ్ మన టైములో పొద్దున ఆరున్నరకు మొదలవుతుంది. మూడు గంటలు పట్టే జాబ్ అయితే తొమ్మిదిన్నర దాకా నడుస్తూనే ఉంటుంది, అప్పటికి ఆఫీసులు తెరిచి ఉంటాయి, టేబుల్ లాక్‌లో ఉంటుంది, వచ్చేవన్నీ ‘అప్లికేషన్ స్లో’ అనే కంప్లైంట్లే. సర్వర్ ఇమేజ్ (కొత్త సర్వర్లకు మూలమైన నమూనా) తయారుచేసేటప్పుడే టైమ్ జోన్ సరిచేయించు. పోర్ట్ 25 మీద బయటికి మెయిల్ పంపడం కూడా అక్కడ మామూలుగా మూసి ఉంటుంది, అలర్ట్ మెయిళ్లు పంపే పాత స్క్రిప్ట్‌లు చడీచప్పుడు లేకుండా ఆగిపోతాయి.

కటోవర్ రాత్రి గురించి. నీ ప్లాన్‌లో రోల్‌బ్యాక్‌కి (పాతదానికే వెనక్కి రావడానికి) ఒక్క లైనే ఉంది, దానికి రెండు పేజీలు కావాలి. శనివారం రాత్రి 10 నుంచి ఆదివారం పొద్దున 10 వరకు టైమ్ ఇచ్చారు. వెనక్కి రావడానికి 3 గంటలు, చేతిలో మరో గంట ఉంచుకుంటే, ఆరింటికల్లా ‘ఉందామా, వెనక్కి వద్దామా’ తేలిపోవాలి. ఆ మాట చెప్పే మనిషి పేరు ముందే రాసి ఉండాలి, ఆ మనిషి మెలకువగా లైన్లో ఉండాలి. కొత్త డేటాబేస్‌లో నిజమైన ఎంట్రీలు పడ్డాక వెనక్కి రావడమంటే రెండు చోట్ల డేటాను కలపడమే, అది వేరే ప్రాజెక్ట్ అవుతుంది. అందుకే నిర్ణయం అయ్యేవరకు యూజర్లను లోపలికి వదలకు, టెస్ట్ ఖాతాలతోనే చూడమను. పెద్ద డేటాబేస్ అయితే కొత్తదాంట్లోంచి పాతదాంట్లోకి కూడా రెప్లికేషన్ పెట్టించు. డీఎన్‌ఎస్ టీటీఎల్ (పాత అడ్రస్‌ని ఎంతసేపు గుర్తుంచుకోవాలన్న గడువు) ఇప్పుడు 86400 సెకన్లు అయితే, దాన్ని 300కి తగ్గించే పని కటోవర్‌కి రెండు రోజుల ముందే అయిపోవాలి. ఆ రాత్రి తగ్గిస్తే పాత విలువ ఇంకో రోజంతా బతికే ఉంటుంది.

అంతా ఒకేసారి తరలిద్దామని పైవాళ్లు ఒత్తిడి చేస్తే బ్రిటన్‌లోని టీఎస్‌బీ బ్యాంకు సంగతి వాళ్ల ముందు పెట్టు. 2018 ఏప్రిల్‌లో ఒక్క వీకెండ్‌లో 52 లక్షల మంది ఖాతాదారులను కొత్త ప్లాట్‌ఫామ్‌కి మార్చారు. డేటా సవ్యంగానే వెళ్లింది, ప్లాట్‌ఫామ్ నిలబడలేదు. లోడ్ టెస్ట్‌లు రెండు డేటా సెంటర్లలో ఒక్కదాని మీదే చేశారని తర్వాతి విచారణలో తేలింది. అంతా మామూలు స్థితికి రావడానికి డిసెంబర్ అయింది. 2022లో రెగ్యులేటర్లు వేసిన జరిమానా 4.865 కోట్ల పౌండ్లు.

బ్యాకప్ ‘సక్సెస్’ అని వచ్చిందని తృప్తిపడకు, ప్రతి వేవ్‌కి ముందు ఒకటి తీసి నిజంగా రిస్టోర్ చేయించు. 2017 జనవరిలో గిట్‌ల్యాబ్ (కోడ్ దాచుకునే సైట్) డేటాబేస్ పొరపాటున చెరిగిపోయినప్పుడు చూస్తే, వెర్షన్లు కలవక డంప్‌లు (డేటాబేస్ బ్యాకప్ ఫైళ్లు) ఎప్పట్నుంచో ఫెయిలవుతున్నాయి, ఆ సంగతి చెప్పాల్సిన మెయిళ్లు కూడా చేరడం లేదు. లాగ్‌ల విషయంలో సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) 2022 ఆదేశాలు గుర్తుంచుకో: 180 రోజుల లాగ్‌లు ఉంచాలి, సైబర్ సంఘటన తెలిసిన 6 గంటల్లో వాళ్లకు తెలియజేయాలి. లాగ్ అకౌంట్‌ను విడిగా పెట్టి, అందులో చెరిపే హక్కు ఎవరికీ ఇవ్వకు.

ఖర్చు మీద రెండే మాటలు. డెవలప్‌మెంట్, టెస్ట్ సర్వర్లు వారానికి 168 గంటలూ నడవక్కర్లేదు. రోజుకు 12 గంటల చొప్పున 5 రోజులు నడిపితే 60 గంటలు, సర్వర్ అద్దెలో 64 శాతం మిగులుతుంది. డిస్క్ అద్దె మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఒరాకిల్ డేటాబేస్ ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్ ఉన్నచోట జాగ్రత్త. ఇక్కడ ఇంటెల్ సర్వర్‌లో 8 కోర్లకు 0.5 ఫ్యాక్టర్ (లైసెన్సుల లెక్కలో ఒరాకిల్ వాడే గుణకం) వేసి 4 లైసెన్సులతో సరిపోతుంది. ఏడబ్ల్యూఎస్‌లో ఆ ఫ్యాక్టర్ వర్తించదు, 2 వీసీపీయూలకు (క్లౌడ్‌లో ప్రాసెసర్ లెక్క, ఒక కోర్‌కి రెండు) ఒక లైసెన్స్. అదే 8 కోర్లకు, అంటే 16 వీసీపీయూలకు, 8 లైసెన్సులు కావాలి. అది బడ్జెట్‌లో లేకపోతే ఇప్పుడే రాయించు.

ఓనర్ దొరకని సర్వర్లు చివరికి ఇరవయ్యో ముప్పయ్యో మిగులుతాయి. వాటిని పవర్ ఆపి పరీక్షించకు. ఏళ్ల తరబడి రీస్టార్ట్ కాని పాత మెషిన్ మళ్లీ లేవకపోవచ్చు. నెట్‌వర్క్ మాత్రం తీసి, ఒక నెలాఖరు దాటేదాకా చూడు. ఎవరైనా అడిగితే అయిదు నిమిషాల్లో తిరిగి కలపొచ్చు, ఓనర్ కూడా దొరికినట్టే. ఎవరూ అడగకపోతే ఆఖరి బ్యాకప్ తీయించి, అది తెరుచుకుంటోందని చూశాకే తుడిపించు.

ఆ నాలుగు జాబితాలూ కలిపిన షీట్ తయారవగానే తీసుకురా, ఆదివారం ఇద్దరం కూర్చుని మొదటి వేవ్ విడదీద్దాం. వేళకు తిను.

అమ్మ