అమ్మ జాడీ పెంకులు

నల్లగొండ

దోస్త్‌కి,

ఎట్లా ఉన్నావురా? ఇంట్లో అందరూ బాగున్నారా? పోయిన ఆదివారం ఫోన్‌లో "పొద్దస్తమానం పెరట్లో ఏం చేస్తున్నావ్" అని అడిగావు. ఫోన్‌లో చెప్తే తెమిలేది కాదని ఉత్తరం రాస్తున్నా. తీరిగ్గా కూర్చొని చదువు.

మా అమ్మ ఆవకాయ జాడీ గుర్తుందా? పైన గోధుమరంగు, కింద తెలుపు. బడి నుంచి వచ్చి మనిద్దరం తడిచేతులు పెట్టి తిట్లు తిన్న జాడీ. నిరుడు ఎండాకాలం దాన్ని కడిగి పిట్టగోడ మీద బోర్లిస్తే పిల్లి దూకింది. కింద షాబాదు బండలు. పెద్ద పెంకులు ఏడు, చిన్నవి లెక్కలేనన్ని. అమ్మ పోయి అప్పటికి మూడేళ్లు. వాటిని చెత్తబండిలో వెయ్యడానికి చెయ్యి రాలేదు. గోనెసంచిలో కట్టి మెట్ల కింద పెట్టాను. పగిలింది ఇంట్లో ఉంచొద్దని మా ఇంటామె రెండుసార్లు అన్నది, నా మొహం చూసి ఊరుకున్నది.

అప్పుడే మా గల్లీ చివర ఒకాయన ప్రహరీ కట్టిస్తున్నాడు. గోడ మీద సిమెంటు పచ్చిగా ఉండగానే మేస్త్రి సీసా పెంకులు గుచ్చుతున్నాడు. చిన్నప్పటి నుంచీ చూస్తున్న పనే. కానీ ఆ సాయంత్రం వాలుటెండ ఆ పెంకుల్లోంచి దిగి సున్నం గోడ మీద పచ్చగా పరుచుకుంది. అక్కడే నిలబడిపోయాను. దొంగలు రాకుండా గుచ్చిన పెంకులకే ఇంత అందముంటే, చూసేవాళ్ల కోసమే పేర్చితే ఎట్లా ఉంటుంది?

చండీగఢ్ రాక్ గార్డెన్ చూశానని నువ్వు ఆర్మీలో ఉన్నప్పుడు రాశావు. దాన్ని కట్టిన నేక్‌చంద్ అక్కడ రోడ్ల ఇన్‌స్పెక్టర్. 1950ల నుంచి పగిలిన గాజులు, కప్పులు, సాసర్లు, సింకులు పోగేసి, ఎవరికీ తెలియకుండా అడవి స్థలంలో బొమ్మలు చేసుకుంటూ పోయాడు. సర్కారు జాగాలో కట్టాడు కాబట్టి బయటపడగానే కూల్చేసేవాళ్లే. జనం అడ్డుపడి నిలబెట్టుకున్నారు. 1976లో తోటగా తెరిచారు, 1984లో ఆయనకు పద్మశ్రీ కూడా వచ్చింది. ఆ మనిషి పక్కన ఎవరూ లేకుండా అన్నేళ్లు చేసుకుంటూ పోవడమే నాకు గొప్పగా అనిపిస్తుంది.

నేను మల్లెకుండీతో మొదలుపెట్టాను. తులసికోటకు పెడదామనుకున్నా గానీ పగిలినవాటిని తులసమ్మకు పెట్టొద్దని మా ఇంటామె అన్నది, ఆ మాట నాకూ సబబే అనిపించింది. మొదటిసారి ఏప్రిల్‌లో, పట్టపగలు, సిమెంటు కలిపి పెంకులు అతికించాను. మన ఎండలు తెలుసుగా. నాలుగో రోజు నీళ్లు పోస్తుంటే ఒక్కొక్కటే ఊడి చేతిలోకి వచ్చినయ్. మనసు పాడైపోయిందిరా, రెండు రోజులు అటు వెళ్లలేదు.

ఆ ప్రహరీ కట్టిన మేస్త్రినే పిలిచి చూపించాను. "సారూ, సిమెంటు ఆరి గట్టిపడదు, నీళ్లు తాగి గట్టిపడుతది" అన్నాడు. ఎండకు ఆ నీళ్లు ముందే ఎగిరిపోయినయ్. పైగా ఎండు మట్టికుండీ తన వంతు తాగేసింది. ఇంకోటి, జాడీకి లోపలా బయటా గాజుపూత ఉంటుంది. ఉప్పూ పులుపూ దాన్ని తినెయ్యకుండా కాపాడేది అదే, కానీ ఆ నునుపు మీద సిమెంటు పట్టు దొరకదు. అందుకని ఈసారి పెంకుల వెనకవైపు గ్రైండర్‌తో గీకి గరుకు చేశాను. కుండీని రాత్రంతా నీళ్ల తొట్టిలో నానబెట్టాను. సాయంత్రం ఐదు దాటాకే పని. టైల్స్ అంటించే గమ్ముతో అతికించి, మర్నాడు సందుల్లో తెల్ల సిమెంటు నింపి, బిగుసుకోకముందే తడి స్పాంజితో తుడిచాను. ఆ తర్వాత వారం రోజులు తడి గోనెపట్టా కప్పి ఉంచాను. రెండు వానాకాలం జల్లులు దాటినా ఒక్క పెంకు కదల్లేదు!

పెద్ద పెంకుల్ని సంచిలో చుట్టి సుత్తితో మెల్లగా కొడితే సరిపోతుంది. కళ్లద్దాలు, చేతులకు మందపాటి గ్లౌజులు లేకుండా మాత్రం ముట్టుకోకు. అంచులు గరుకు కాగితంతో రుద్దేటప్పుడు నీళ్లలో తడుపుతూ రుద్దాలి. పొడిగా రుద్దితే గాజు దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఒక పెంకు సంగతి నీకు చెప్పాలి. జాడీ అడుగు భాగం అది. లోపలివైపు చూస్తే, పూత కిందనే, చక్రం మీద తిప్పినప్పటి కుమ్మరి వేళ్ల చారలు గుండ్రంగా ఉన్నయ్. ఇన్నేళ్లూ ఆవకాయ కింద దాగి ఉన్నయ్, అమ్మ కూడా చూసి ఉండదు. నా వేలు పెడితే ఆ చారలో సరిగ్గా కూర్చున్నది. దాన్ని తిరగేసి, లోపలివైపు బయటికి కనపడేట్టు కుండీ ముందుభాగంలో పెట్టాను.

ఇప్పుడిక సీసాల మీద పడ్డాను. పాత సామాన్ల దుకాణంలో ఆకుపచ్చవి, గోధుమరంగువి ఏరి తెచ్చాను. మన బోరునీళ్ల తెల్లమరకలుంటే నిమ్మరసం పోసి కాసేపు ఉంచితే పోతయ్, మన జిల్లాలో నిమ్మకాయలకేం కొదవ. దారం కిరోసిన్‌లో ముంచి చుట్టి అంటించి సీసా కోయాలని చూస్తే అడ్డదిడ్డంగా పగిలింది. కోయడం మానేశాను. నిండా ఇసుక పోసి, మూతి కిందికి పెట్టి మడి చుట్టూ జానెడు లోతు పాతుతున్నా. మాది ఎర్రచెల్క కాబట్టి కదలకుండా నిలుస్తున్నయ్. మీ ఊళ్లో నల్లరేగడి, ఎండాకాలం నెర్రెలిస్తుంది, అక్కడ పాతితే ఒరుగుతయ్.

గోలీ సోడా సీసా ఒక్కటే దొరికింది, లోపల గోలీ అట్లాగే ఉంది. హైరమ్ కాడ్ అనే ఇంగ్లండ్ ఆయన 1870ల్లో కనిపెట్టిన సీసా అట. దాన్ని పాతలేదు, కిటికీలో పెట్టుకున్నా. ఊపితే టకటకమంటుంటే క్లాక్ టవర్ దగ్గర మనం ఒకే సోడా చెరి సగం తాగిన రోజులు గుర్తొస్తున్నయ్.

అంచు విరిగిన పెద్ద పళ్లెం ఒకటి పిట్టల నీళ్లకు పెట్టాను, మధ్యలో రెండు గులకరాళ్లు వేసి. తేనెటీగలు వాటి మీద వాలి తాగుతున్నయ్. దోమలు చేరకుండా రోజూ నీళ్లు మారుస్తున్నా.

మీ అమ్మ నీలిపువ్వుల సాసర్లు నాలుగు మిగిలాయని, రెండింటికి పగుళ్లొచ్చాయని అన్నావు. పారెయ్యకు. దసరాకు వచ్చేటప్పుడు పాత పేపర్లో చుట్టి తీసుకురా. మల్లెకుండీ మీద అమ్మ పెంకు పక్కన అరచేతి మందం జాగా వదిలిపెట్టాను.

నీ దోస్త్