చేట చెవులుంటే దొంగేనా?

సంపాదకులు గారికి,

పోయిన ఆదివారం కాదు, అంతకు ముందు ఆదివారం మీ అనుబంధంలో ముఖం చూసి నేరస్తుణ్ణి పట్టేయొచ్చంటూ అర పేజీ వ్యాసం వేశారు. అప్పుడే రాద్దామనుకున్నా, కంటి ఆపరేషనయ్యి డాక్టరు రాయొద్దన్నారు. ఇన్ని రోజులైనా కోపం తగ్గలేదు.

ఇటలీ డాక్టరు లాంబ్రోసో 1876లో పుస్తకం రాశాడు, కొందరు పుట్టుకతోనే నేరస్తులు, పెద్ద దవడ, చేట చెవులు, పొడుగు చేతులు వాళ్ల గుర్తులు అన్నాడు. ఒక ఖైదీ పుర్రె వెనక గుంట కనబడేసరికి ఆదిమానవుడే దొరికాడని సంబరపడ్డాడు. మీ వ్యాసం అంతవరకు చెప్పింది, సరే. ఆ తర్వాత సంగతి ఏది? ఇంగ్లండులో గోరింగ్ అనే జైలు డాక్టరు సుమారు 3,000 మంది ఖైదీల కొలతలు తీసుకుని, బయటి జనంతో పోల్చి చూసి, అలాంటి ప్రత్యేక రూపం ఏదీ లేదని 1913లోనే తేల్చాడు కదా. లాంబ్రోసో శిష్యుడు ఫెర్రి కూడా పేదరికం, పరిసరాలు అంటూ మాట్లాడాడు, చివరికి గురువుగారే తన తర్వాతి ముద్రణల్లో చాలా సర్దుకున్నారు. ఈ గురుశిష్యులు నేరానికి శిక్ష ఎంత అని కాకుండా మనిషి ఆ పని ఎందుకు చేశాడు అని అడిగారు, ఆ మేరకు వాళ్లకు దండం పెట్టొచ్చు. మీ వ్యాసకర్తకు మాత్రం చెవులే నచ్చాయి. నాకూ చేట చెవులే, మా ఇంట్లో వినాయకుడని ఎగతాళి చేస్తారు గానీ ఇంతవరకు ఎవరూ పోలీసులకు పట్టివ్వలేదు.

అసలు బాధ అది కాదు. ఇటలీ దాకా వెళ్లిన వ్యాసానికి మన బాపట్ల దగ్గరి స్టువర్టుపురం కనబడలేదు. లాంబ్రోసో పుస్తకానికి ఐదేళ్ల ముందే, 1871లో, తెల్లవాళ్లు నేరస్త జాతుల చట్టం తెచ్చారు. ఇక్కడ పుర్రె కొలిచే శ్రమ కూడా లేదు, ఏ కులంలో పుట్టాడో తెలిస్తే చాలు. 1911లో మద్రాసు రాష్ట్రానికీ అది వచ్చింది. ఎరుకల కుటుంబాలను తెచ్చి స్టువర్టుపురంలో సెటిల్‌మెంట్ అనే కాపలా కాలనీలో పెట్టి, హాజరు వేయించి, ఊరు దాటాలంటే పాసు అడిగారు. 1952లో దేశమంతటా చట్టం పోయింది. పోయింది చట్టమే. ఇప్పటికీ ఏ ఊళ్లో తాళం పగిలినా మీ పత్రికతో సహా అందరూ ‘స్టువర్టుపురం ముఠా పనేనా?’ అని హెడ్డింగ్ పెడతారు, ఆ ప్రశ్నార్థకం ఉంది కాబట్టి పాపం అంటదు కాబోలు.

నన్ను నేనూ వదిలిపెట్టను. ఆ చుట్టుపక్కల బడిలోనే ఇరవై ఏళ్ల పైన పాఠాలు చెప్పాను. ఒకసారి ఏడో తరగతిలో జామెట్రీ బాక్సు పోయింది. ఏమీ ఆలోచించకుండా వెళ్లి సెటిల్‌మెంట్ పిల్లాడి సంచీ బెంచీ మీద బోర్లించాను. రెండు పుస్తకాలు, పలక ముక్క, కాగితంలో చుట్టిన నాలుగు జంతికలు. వాడు ఏడవలేదు, జంతికలు ఏరుకుని మళ్లీ కాగితంలో చుట్టుకున్నాడు. బాక్సు సాయంత్రం పోగొట్టుకున్నవాడి ఇంట్లోనే దొరికింది, మంచం కింద. నేను లాంబ్రోసో పేరు కూడా వినని రోజులవి.

ఇక మీ అనుబంధం సంగతి. ఒకప్పుడు ఆదివారం పేజీలు దాచుకునేవాళ్లం. ఇప్పుడు మొదటి రెండు పేజీలు ప్లాట్ల ప్రకటనలు, మూడో పేజీలో అచ్చుతప్పులు, ఈ వ్యాసం పక్కనే వారఫలాలు. రెంటికీ తేడా ఏమిటో పాఠకుడే తేల్చుకోవాలి. ఇక కంప్యూటరే ముఖాలు చూసి దొంగల్ని పట్టేస్తుందని వ్యాసకర్త మురిసిపోయారు. ఆ కంప్యూటరుకు నేర్పించేది ఎవరండీ, నాలాంటి మాస్టర్లే కదా!

సవరణ వేయండి. అదే అనుబంధంలో, అదే సైజులో. పదకొండో పేజీలో శ్రద్ధాంజలి ప్రకటనల కింద రెండు లైన్లు వేసి చేతులు దులుపుకోకండి.

– ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు, బాపట్ల