ప్రాసెస్ స్థితి భద్రమయ్యేది ఒక్కచోట కాదు

సంపాదకులకు నమస్కారం.

మీ విజ్ఞాన పుటలో ఆపరేటింగ్ సిస్టమ్‌ల గురించి వచ్చిన తాజా వ్యాసం చదివాను. ఒక ప్రాసెస్‌ను (నడుస్తున్న ప్రోగ్రామ్‌ను) ఆపి మరొకదాన్ని నడిపించేటప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నల్, ప్రాసెసర్‌లో విలువలను ఉంచుకునే చిన్న అరలైన రిజిస్టర్లన్నింటినీ 'ప్రాసెస్ కంట్రోల్ బ్లాక్' అనే పట్టికలో రాసిపెట్టుకుంటుందని, మళ్లీ వంతు వచ్చినప్పుడు అక్కడి నుంచే తిరిగి నింపుతుందని అందులో ఉంది. చదువుతున్న పుస్తకంలో గుర్తు పెట్టి మూయడంతో దీన్ని పోల్చారు. మొదటిసారి వినేవారికి ఆ పోలిక చాలు. అయితే ఈ శీర్షికను ఇంజినీరింగ్ విద్యార్థులు కూడా చదువుతారు కనుక, అన్నీ ఒకే పట్టికలో చేరతాయంటూ పాఠ్యపుస్తకాల నుంచి తరతరాలుగా దిగివస్తున్న ఆ ఒంటి డబ్బా బొమ్మ అసలు పనితీరును మరుగుపరుస్తుందని చెప్పక తప్పడం లేదు. స్థితిని భద్రపరచడం రెండు వేర్వేరు సందర్భాల్లో, రెండు వేర్వేరు అవసరాల కోసం జరుగుతుంది.

64 బిట్ల ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లపై నడిచే లినక్స్‌నే తీసుకుందాం. మొదటి సందర్భం కెర్నల్‌లోకి ప్రవేశం. ప్రోగ్రామ్ నడుస్తుండగా టైమర్ ఇంటరప్ట్ (పనిని ఆపి కెర్నల్‌ను పిలిచే సంకేతం) వస్తే, ప్రాసెసర్ తనంతట తానే ఐదు విలువలను కెర్నల్‌కు చెందిన స్టాక్ (విలువలను ఒకదానిపై ఒకటి పేర్చే మెమరీ భాగం) మీదికి నెడుతుంది: స్టాక్ సెగ్మెంట్, స్టాక్ పైకొనను చూపే స్టాక్ పాయింటర్, ఫ్లాగ్స్, కోడ్ సెగ్మెంట్, తర్వాత నడవాల్సిన ఆదేశం చిరునామా. మిగిలిన 15 సాధారణ రిజిస్టర్లను కెర్నల్ ప్రవేశంలోని అసెంబ్లీ కోడ్ అదే వరుసలో పేరుస్తుంది. ప్రోగ్రామే కెర్నల్ సేవ కోరుతూ సిస్టమ్ కాల్ ద్వారా వచ్చినప్పుడు ప్రాసెసర్ చేసే సాయం ఇంకా తక్కువ. తిరుగు చిరునామాను ఆర్‌సీఎక్స్ రిజిస్టర్‌లో, ఫ్లాగ్స్‌ను ఆర్11 రిజిస్టర్‌లో ఉంచి ఊరుకుంటుంది, స్టాక్ మార్చుకునే బాధ్యత కూడా కెర్నల్‌దే. గమనించవలసింది ఏమిటంటే, ఇంతవరకూ ప్రాసెస్ మారనే లేదు. కెర్నల్ తన పని ముగించుకుని తిరిగి అదే ప్రోగ్రామ్‌కు అప్పగించినా సరే, ఈ తంతు ప్రతిసారీ జరగవలసిందే.

రెండోది, ఎవరి వంతో నిర్ణయించే షెడ్యూలర్ మరో ప్రాసెస్‌ను ఎంచుకున్నాక మొదలవుతుంది. అప్పటికి నడుస్తున్నది కెర్నల్‌లోని సీ కోడ్ కాబట్టి, ఫంక్షన్ కాల్ నియమాల ప్రకారం పిలవబడిన ఫంక్షన్ కాపాడవలసిన రిజిస్టర్లను దాచితే సరిపోతుంది. అవి ఆరే: ఆర్‌బీపీ, ఆర్‌బీఎక్స్, ఆర్12 నుంచి ఆర్15 వరకు. ఆ ఆరింటినీ పాత ప్రాసెస్ కెర్నల్ స్టాక్ మీద పెట్టి, స్టాక్ పాయింటర్‌ను ఆ ప్రాసెస్ టాస్క్ స్ట్రక్చర్‌లో (లినక్స్‌లో ప్రాసెస్ కంట్రోల్ బ్లాక్ ఇదే) రాసుకుని, కొత్త ప్రాసెస్ స్టాక్ పాయింటర్‌ను ఎక్కించుకుని, ఆ కొత్త స్టాక్ మీది నుంచి ఆరు విలువలను దించుకుంటుంది. అంటే ఫంక్షన్‌లోకి అడుగుపెట్టేది ఒక ప్రాసెస్, బయటికి వచ్చేది మరొకటి. సాధారణ రిజిస్టర్లలో టాస్క్ స్ట్రక్చర్‌కు చేరేది స్టాక్ పాయింటర్ ఒక్కటే; తర్వాతి ఆదేశం చిరునామా సైతం స్టాక్ మీదే ఉంటుంది. 1975 నాటి యూనిక్స్ ఆరో ఎడిషన్ కోడ్‌లో ఇలాంటి చోటే, ఇది మీకు అర్థం కావాలని ఎవరూ అనుకోవడం లేదన్న అర్థంలో ఒక వ్యాఖ్య ఉంది. ఇది పరీక్షలో రాదులే అన్న ధోరణిలోనే అలా రాశామని యూనిక్స్ రూపకర్తల్లో ఒకరైన డెనిస్ రిచీ తర్వాత వివరించారు. మన పరీక్షల్లో మాత్రం తప్పకుండా వస్తుంది, అదీ ఒంటి డబ్బా బొమ్మతో.

ఈ తేడా తెలియకపోతే, ప్రాసెస్‌కు నకలును పుట్టించే ఫోర్క్ అనే సిస్టమ్ కాల్ అర్థం కాదు. ఒకసారి పిలిస్తే రెండుసార్లు తిరిగివస్తుందని విద్యార్థులు వల్లె వేస్తారు కానీ, ఎలాగని అడిగితే తడబడతారు. తల్లి ప్రాసెస్ కెర్నల్‌లోకి వచ్చినప్పుడు పేర్చిన రిజిస్టర్ల వరుసను కెర్నల్ పిల్ల ప్రాసెస్ స్టాక్‌లోకి నకలు చేసి, అందులో ఆర్‌ఏఎక్స్ స్థానంలో 0 రాస్తుంది. పిల్ల ప్రాసెస్‌కు ఫోర్క్ ఇచ్చే సున్నా అదే. ఇక ఆ పిల్ల అంతకుముందెన్నడూ షెడ్యూలర్ చేతిలో ఆగి ఉండదు కదా! అందుకే ఆగినట్టుగా కనిపించే ఆరు రిజిస్టర్ల చట్రాన్ని, తిరుగు చిరునామాతో సహా, కెర్నల్ దాని స్టాక్ మీద ముందుగానే కట్టిపెడుతుంది.

దశాంశ సంఖ్యలకు వాడే ఫ్లోటింగ్ పాయింట్, ఒకేసారి అనేక విలువలను పట్టే వెక్టర్ రిజిస్టర్ల ఊసు వ్యాసంలో అసలే లేదు. 16 సాధారణ రిజిస్టర్లకు 128 బైట్లు చాలు. ఏవీఎక్స్-512 అనే వెక్టర్ ఆదేశాల సమితి ఉన్న ప్రాసెసర్‌లో ఒక్కొక్కటి 64 బైట్ల చొప్పున 32 వెక్టర్ రిజిస్టర్లకు 2048 బైట్లు కావాలి. ఈ బరువును తప్పించుకోవడానికి చాలా కెర్నళ్లు ఒకప్పుడు వాయిదా పద్ధతిని పాటించేవి: ప్రాసెస్ మారినా పాత విలువలను రిజిస్టర్లలో అలాగే వదిలేసి, కొత్త ప్రాసెస్ వాటిని ముట్టుకోబోయినప్పుడు వచ్చే ఎక్సెప్షన్‌లో (ప్రాసెసర్ ఆదేశాన్ని ఆపి కెర్నల్‌కు అప్పగించినప్పుడు) మాత్రమే భద్రపరిచేవి. ఏఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతికి చెందిన ఆదేశాలు వాడే కీలు ఉండేది ఈ రిజిస్టర్లలోనే. కొన్ని ఇంటెల్ ప్రాసెసర్లు ఎక్సెప్షన్ తేలకముందే ఆదేశాలను ఊహించి నడిపిస్తాయి కాబట్టి, ఆ పాత విలువలను మరో ప్రాసెస్ పసిగట్టగలదని 2018 జూన్‌లో బయటపడింది. లినక్స్ అప్పటికే వాయిదా పద్ధతిని వదిలి, వెంటనే భద్రపరిచే పద్ధతికి మారి ఉంది. నా దృష్టిలో మీ పాఠకులకు అన్నింటికన్నా ఆసక్తి కలిగించే సంగతి ఇదే.

మరొక చిన్న సవరణ. పేజీ టేబుల్ (ప్రాసెస్ మెమరీ ఎక్కడుందో చూపే పట్టిక) చిరునామా ఉండే సీఆర్3 రిజిస్టర్‌ను కెర్నల్ 'భద్రపరచదు'. ప్రతి ప్రాసెస్‌కూ అదేమిటో దానికి ముందే తెలుసు కనుక, కొత్త విలువను ఎక్కిస్తుందంతే. ఒకే ప్రాసెస్‌లో, అదే మెమరీని పంచుకుంటూ నడిచే రెండు థ్రెడ్ల మధ్య మారేటప్పుడు ఆ పనీ ఉండదు. ప్రాసెసర్ పక్కనే ఉండే వేగవంతమైన మెమరీ అయిన కాష్‌లోని డేటానైతే ఎవరూ ఎక్కడా దాచరు. ప్రాసెస్ మారిన కొద్దిసేపు కొత్తది నెమ్మదిగా నడవడానికి ఇదొక ముఖ్య కారణం.

వచ్చే భాగంలో బొమ్మ వేసేటప్పుడు ప్రతి ప్రాసెస్‌కూ దాని కెర్నల్ స్టాక్‌ను విడిగా గీసి, అడుగున ప్రవేశ సమయంలో పేర్చిన రిజిస్టర్ల వరుసను, దానిపైన ఆరు రిజిస్టర్ల చట్రాన్ని, దాన్ని చూపే బాణాన్ని టాస్క్ స్ట్రక్చర్ నుంచి వేయవలసిందిగా మనవి.

భవదీయుడు,
ఆపరేటింగ్ సిస్టమ్స్ బోధించే ఒక పాఠకుడు