14 గెలుపులు, 68 ఓటములు: బాస్కెట్‌బాల్ విభాగం వార్షిక నివేదిక (2023-24)

సంఘం సభ్యులందరికీ నమస్కారం.

2023 ఆగస్టు నుంచి 2024 జూలై వరకు మన బాస్కెట్‌బాల్ విభాగం చేసిన పనుల నివేదిక ఇది. సర్వసభ్య సమావేశానికి ముందే చదువుకుని వస్తారని పంపిస్తున్నాం. చివర్లో రెండు తీర్మానాలున్నాయి. వాటి మీద మీ ఓటు కావాలి. మామూలుగా ఈ విభాగం నివేదిక ఒక్క పేరాతో అయిపోతుంది. ఈసారి అలా కుదరదు. ఆ తీర్మానాలు ఎందుకు పెడుతున్నామో తెలియాలంటే మన ఊరి ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్) జట్టు డెట్రాయిట్ పిస్టన్స్‌కి ఈ ఏడాది ఏం జరిగిందో, మన పిల్లల మీద, మన మీద అది ఎలా పడిందో చెప్పాలి.

ముందు జరిగిన పనులు. పిస్టన్స్ ఆటలు జరిగే లిటిల్ సీజర్స్ అరీనాకి మూడు విడతలుగా కుటుంబాలతో కలిసి వెళ్లాం: నవంబరులో, డిసెంబరు సెలవుల్లో, మార్చిలో. డెట్రాయిట్ చుట్టుపక్కల నోవై, ఫార్మింగ్టన్ హిల్స్, కాంటన్, ట్రాయ్ సభ్యుల బేస్‌మెంట్లలో మ్యాచ్ చూసే కార్యక్రమాలు పెట్టాం. పులిహోర, సమోసాలు ఎవరికి వారే తెచ్చారు కాబట్టి వాటికి సంఘం డబ్బు ఖర్చు కాలేదు. జనవరి నుంచి మార్చి వరకు శనివారం ఉదయాల్లో ఒక స్కూల్ జిమ్ అద్దెకు తీసుకుని పిల్లలకు కోచింగ్ ఇచ్చాం. ఆడపిల్లలు ఎక్కువగా వచ్చిన మొదటి ఏడాది ఇదే. జమాఖర్చుల వివరాలు కోశాధికారి విడిగా ఇస్తున్నారు.

ఇక అసలు సంగతి.

సీజన్ మొదట్లో అందరికీ కొండంత ఆశ. అంతకుముందు ఏడాది 17 గెలిచి 65 ఓడిన జట్టే. కానీ జట్టు ప్రధాన ఆటగాడు కేడ్ కన్నింగ్‌హామ్ కాలి ఆపరేషన్ తర్వాత తిరిగొస్తున్నాడు. ఆపరేషన్ వల్ల ముందు సీజన్లో అతను ఆడింది 12 మ్యాచ్‌లే. ఫీనిక్స్‌ని 2021లో ఫైనల్స్ దాకా తీసుకెళ్లిన మాంటీ విలియమ్స్‌ని కోచ్‌గా తెచ్చారు. ఆరేళ్లకు 78.5 మిలియన్ డాలర్లు. అప్పటికి ఏ కోచ్‌కీ అంత పెద్ద ఒప్పందం లేదు. మొదటి మూడు ఆటల్లో రెండు గెలిచారు. ఒక్క పాయింటు తేడాతో మయామీ చేతిలో ఓడినా, షార్లెట్ మీద, షికాగో మీద గెలిచారు. మన వాట్సాప్ గ్రూపులో ఆ రెండు రోజులూ పండగే.

అక్టోబరు 30న ఓక్లహోమా సిటీలో ఓడిపోయారు. ఆ తర్వాత గెలుపన్నదే లేదు. నవంబరు నెలంతా ఒక్కటీ గెలవలేదు. డిసెంబరు ఆఖరుకి వరసగా 28 ఓటములు. ఒకే సీజన్లో అన్ని ఆటలు వరసగా ఓడిన జట్టు ఎన్‌బీఏ చరిత్రలో మరొకటి లేదు. ఫిలడెల్ఫియా కూడా ఒకప్పుడు వరసగా 28 ఓడింది గానీ అది రెండు సీజన్ల మీద.

డిసెంబరు 26 రాత్రి మన కుటుంబాలు అరీనాలోనే ఉన్నాయి. బ్రూక్లిన్‌తో ఆట. ఓడితే ఒకే సీజన్లో 27 ఓటములతో కొత్త రికార్డు. ఆ సంగతి మన పిల్లలకు మనకంటే బాగా తెలుసు. కేడ్ ఆ రోజు 41 పాయింట్లు చేశాడు. అందులో 37 హాఫ్‌టైమ్ తర్వాతే. మన వరసలో ఒక నాలుగో తరగతి బాబు కేడ్ వేసుకునే 2వ నంబరు జెర్సీ వేసుకుని, నాచో ట్రే ఒళ్లో పెట్టుకుని, కేడ్ బంతి పట్టుకున్న ప్రతిసారీ లేచి నిలబడ్డాడు. చీజ్ గడ్డకట్టింది గానీ ఒక్క చిప్ కూడా నోట్లో పెట్టుకోలేదు. 118-112. అయిపోయింది. ఆ బాబు ఏడవలేదు. ట్రే పక్కన పెట్టి, "మరి ఇంకెవరు ఆడాలి నాన్నా?" అని అడిగాడు. ఆ మాటకి వాళ్ల నాన్న దగ్గర జవాబు లేదు. పక్కనే ఉన్న మా దగ్గరా లేదు.

రెండు రోజులకు బోస్టన్‌లో ఒక దశలో 21 పాయింట్లు ముందుండి, ఓవర్‌టైమ్‌లో 128-122తో ఓడారు. ఆ బోస్టన్ జట్టే జూన్‌లో ఛాంపియన్ అయింది. అలాంటి జట్టుని వాళ్ల సొంత కోర్టులో అంతసేపు వణికించగలిగినవాళ్లు నెలలపాటు మామూలు జట్ల మీద కూడా ఎందుకు గెలవలేకపోయారన్నదే మన బాధ. చేతకాని పిల్లలు కాదు వాళ్లు. చివరికి డిసెంబరు 30న టొరంటో మీద 129-127తో గెలిచారు. ఆ రోజే టొరంటో తన మంచి ఆటగాడు ఓజీ అనునోబీని న్యూయార్క్‌కి ఇచ్చేసింది. అయినా ఎవరూ ఆ లెక్కలు తియ్యలేదు. కాంటన్‌లో చూస్తున్న బేస్‌మెంట్ నుంచి వచ్చిన వీడియోలో పెద్దవాళ్లే పిల్లల కంటే గట్టిగా అరుస్తున్నారు.

ఇలా ఎందుకైందో సభ్యుల మధ్య ఏడాదంతా వాదన నడిచింది. బయటి నుంచి షూట్ చేసేవాళ్లు తక్కువ. బోయాన్ బొగ్డానోవిచ్ పిక్క గాయంతో మొదటి నెల ఆడలేదు. ఇద్దరు పొడవాటి ఆటగాళ్లు బుట్ట దగ్గరే ఉండిపోతే కేడ్ లోపలికి దూసుకెళ్లడానికి దారి దొరకదు. బంతి పోగొట్టుకోవడం ఎక్కువ. మొదటి నెలల్లో జేడెన్ ఐవీని బెంచ్ మీద కూర్చోబెట్టి కిలియన్ హేస్‌తో మొదలుపెట్టేవారు. కేడ్ విశ్రాంతిలో ఉన్నప్పుడు ఐదుగురినీ బెంచ్ నుంచే దింపేవారు. ఆ నిమిషాల్లోనే ఆధిక్యం కరిగిపోయేది. ఇవన్నీ నిజమే. అయితే ఇవి పైకి కనిపించే కారణాలు. రోగం అంతకంటే లోతుగా ఉంది.

2019-20 నుంచి మన జట్టు గెలుపులు వరసగా చూడండి: 20, 20, 23, 17, 14. ఒక ఏడాది అదృష్టం బాగాలేక ఓడినవాళ్ల లెక్క కాదిది. ఓడితే డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే ఏర్పాటు) మంచి స్థానం వస్తుంది, ఆ స్థానంలో ఒక పెద్ద ఆటగాడు వస్తాడు, అప్పుడు అన్నీ బాగుపడతాయి అని నమ్ముకుని ఏళ్లకు ఏళ్లు నడిపించిన లెక్క. 2021లో మొదటి స్థానం వచ్చి కేడ్ వచ్చాడు, కాదనం. తర్వాత? 2022లో ఐదో స్థానం. 2023లో లీగ్ మొత్తంలో అట్టడుగున ఉండి కూడా ఐదో స్థానం. ఆ ఏడాది అందరూ కోరుకున్న విక్టర్ వెంబన్యామా శాన్ ఆంటోనియోకి వెళ్లాడు. 2024 మేలో మళ్లీ అట్టడుగున ఉండి మళ్లీ ఐదో స్థానం. గోరుచుట్టు మీద రోకటి పోటు అంటే ఇదే.

మనలో సగంమంది ఇంజనీర్లు. డ్రాఫ్ట్‌లో మొదటి స్థానాలు ఎవరికో తేల్చే లాటరీ లెక్క ఒకసారి చూద్దాం. 2019 నుంచి ఉన్న పద్ధతిలో అట్టడుగు మూడు జట్లకూ మొదటి స్థానం వచ్చే అవకాశం సమానం, 14 శాతం. అన్నిటికంటే ఎక్కువ ఓడిన జట్టు ఐదో స్థానానికి జారిపోయే అవకాశం దాదాపు 48 శాతం. ఇదేమీ రహస్యం కాదు, నిబంధనల్లోనే ఉంది. కావాలని ఓడేవాళ్లను ఆపడానికే ఆ పద్ధతి పెట్టారు. ఈసారి మొదటి స్థానం 3 శాతం అవకాశమే ఉన్న అట్లాంటాకి వెళ్లింది. 14 శాతం మీద ఆశ పెట్టుకుని జట్టు భవిష్యత్తు కట్టడం ఏ ప్లాంట్‌లోనైనా, ఏ ప్రాజెక్టులోనైనా ఒప్పుకుంటామా? ఫోర్ట్ వేన్‌లో ఫ్రెడ్ జోల్నర్ పిస్టన్ల ఫ్యాక్టరీ నుంచి పుట్టిన జట్టు ఇది. 1957లో డెట్రాయిట్‌కి వచ్చింది. కార్ల కంపెనీల్లో పనిచేసే మనకు ఆ పేరు చూసినప్పుడల్లా మన జట్టు అనిపించేది అందుకే.

ట్రాయ్‌లో ఉండే మన పెద్దాయన ఒకరు 1980ల్లో ఇక్కడికి వచ్చారు. ఐజయా థామస్, జో డూమార్స్, బిల్ లాంబియర్, డెనిస్ రాడ్‌మన్ ఆడిన రోజులు చూశారు. 1989, 1990ల్లో వరసగా రెండు టైటిళ్లు. జనవరి సమావేశంలో ఆయన అన్నమాట ఇది: "ఓడినా ఫరవాలేదు బాబూ, నేను ఓటములు చాలా చూశాను. ఆ రోజుల్లో మనవాళ్లతో ఆడాలంటే అవతలివాళ్లకి భయం ఉండేది. ఇప్పుడు మనతో ఆట అంటే అవతలివాళ్లకి సెలవు." హైస్కూల్లో చదివే ఒక అమ్మాయి లేచి, "అంకుల్, అది కేడ్ తప్పు కాదు కదా, అతను ఆటకి 22 పాయింట్లు పైనే చేస్తున్నాడు, పాయింట్లు తెచ్చే పాస్‌లు ఏడు పైనే ఇస్తున్నాడు" అంది. పెద్దాయన వెంటనే, "అతని తప్పని నేనెప్పుడన్నానమ్మా? అతన్ని ఒంటరిని చేసినవాళ్ల తప్పు" అన్నారు. ఈ విభాగం అభిప్రాయం కూడా అదే.

2004 జట్టుని గుర్తు చేసుకోవాలి. లేకర్స్‌ని 4-1తో ఓడించిన జట్టు. బెన్ వాలెస్‌ని డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. చాన్సీ బిలప్స్ చాలా జట్లు తిరిగి ఇక్కడికి చేరి, ఫైనల్స్ ఉత్తమ ఆటగాడయ్యాడు. రషీద్ వాలెస్ ఆ ఫిబ్రవరిలోనే ట్రేడ్‌లో వచ్చాడు. 2003లో రెండో స్థానంలో తీసుకున్న డార్కో మిలిచిచ్ ఆ జట్టులో ఆడిందే తక్కువ. తర్వాత పెద్ద పేరు తెచ్చుకున్న కార్మెలో ఆంథనీ, క్రిస్ బాష్, డ్వేన్ వేడ్ అతని తర్వాతి స్థానాల్లో వేరే జట్లకు వెళ్లారు. అంటే మనం చూసిన గొప్ప జట్టు లాటరీ మీద కట్టింది కాదు, వేరేవాళ్లు వద్దనుకున్న మనుషుల్ని తెచ్చి కలిపి కట్టింది. అప్పట్లో ఆబర్న్ హిల్స్ పాలస్‌లో ఆటలు జరిగేవి. క్రైస్లర్ ఆఫీసులో పని ముగించుకుని అటే వెళ్లిపోయేవాళ్లం. 2017లో జట్టు డౌన్‌టౌన్‌కి మారింది, పాలస్‌ని 2020లో కూల్చేశారు. డౌన్‌టౌన్‌కి మారడం మంచిదే. దూరం మన సమస్య కాదు.

మన సమస్య ఏమిటంటే, ఇన్నేళ్లుగా అభిమానికి చెబుతున్నది ఒకే మాట: ఓపిక పట్టండి. ఈ 2023-24 సీజన్ ముగిసేదాకా చూస్తే, ప్లేఆఫ్స్‌లో (సీజన్ చివర టైటిల్ కోసం జరిగే ఆటలు) పిస్టన్స్ చివరిసారి ఒక ఆట గెలిచింది 2008 మేలో. ఆ రోజు పుట్టిన పిల్లలు ఇప్పుడు డ్రైవింగ్ నేర్చుకుంటున్నారు. డిసెంబరులో అరీనా అంతా యజమానిని ఉద్దేశించి "సెల్ ద టీమ్" (జట్టుని అమ్మెయ్) అని అరిచినప్పుడు మన సభ్యులు కొందరు గొంతు కలిపారు, కొందరు పిల్లల ముందు అలా వద్దన్నారు. రెండు పక్షాలూ జట్టు మీద ప్రేమతోనే ఉన్నాయని ఈ విభాగానికి తెలుసు. ఎవరినీ తప్పు పట్టడం లేదు. ఇదే ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు లయన్స్ జనవరిలో మూడు దశాబ్దాల తర్వాత ప్లేఆఫ్ ఆట గెలిచి, కాన్ఫరెన్స్ ఫైనల్ దాకా వెళ్లింది. ఊరంతా నీలం రంగే. "డెట్రాయిట్ జట్లంటే ఇంతే" అని సర్దిచెప్పుకునే అవకాశం కూడా లేకుండా పోయింది.

చివరికి ఏప్రిల్‌లో 14-68తో సీజన్ ముగిసింది. జట్టు చరిత్రలోనే ఇది అతి తక్కువ. 1979-80లో 16 గెలిచారు, అదే అప్పటిదాకా అడుగు. మేలో బాస్కెట్‌బాల్ వ్యవహారాల అధ్యక్షుడిగా ట్రేజన్ లాంగ్డన్ పగ్గాలు తీసుకున్నారు. జనరల్ మేనేజర్ ట్రాయ్ వీవర్ వెళ్లిపోయారు. జూన్‌లో ఒక్క ఏడాదికే మాంటీ విలియమ్స్‌ని తీసేశారు. ఒప్పందంలో ఇంకా ఐదేళ్లు మిగిలే ఉన్నాయి. ఐదో స్థానంలో రాన్ హాలండ్‌ని ఎంచుకున్నారు. కొత్త కోచ్ జె.బి. బికర్‌స్టాఫ్. ఈ మార్పులు మంచివేనని మా నమ్మకం. కానీ నమ్మకం మీద సంఘం డబ్బు ముందుగా కట్టే రోజులు పోవాలి.

మొదటి తీర్మానం: వచ్చే సీజన్‌కి సంఘం తరఫున ముందుగా గ్రూప్ టికెట్లు కొనం. జనవరిలో జట్టు ఆట చూసి, వెళ్లాలనుకునే కుటుంబాలు ఎవరి డబ్బుతో వాళ్లు వెళ్తారు. ఏర్పాట్లు మాత్రం విభాగం చూస్తుంది. ఇలా మిగిలే డబ్బు పిల్లల కోచింగ్‌కి, జిమ్ అద్దెకి, బంతులకి వెళ్తుంది. దీన్ని కొందరు జట్టుకి వెన్ను చూపడం అంటున్నారు. మేం అలా అనుకోవడం లేదు. మన పిల్లలకు ఆట మీద ప్రేమ పోకూడదు. శనివారం జిమ్‌లో ఎడమ చేత్తో డ్రిబుల్ నేర్చుకున్న అమ్మాయిలు కేడ్‌ని చూసే ఆ తపన తెచ్చుకున్నారు. ఆ తపనకి జట్టు గెలుపోటములతో సంబంధం లేకుండా ఒక చోటు ఉండాలి.

రెండో తీర్మానం: కోచింగ్‌ని జనవరి బదులు అక్టోబరులోనే మొదలుపెట్టాలి, ఆడపిల్లలకు విడిగా ఒక గంట ఉండాలి. దానికి ఇద్దరు స్వచ్ఛంద కోచ్‌లు కావాలి. ఇక్కడ కాలేజీల్లో ఆడిన యువ సభ్యులు ముందుకొస్తే సంతోషం. బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఖర్చు సంఘమే భరిస్తుంది. పిల్లల పేర్లు, వయసులు ఆగస్టు నెలాఖరులోగా ఇవ్వండి. జిమ్ బుకింగ్ సెప్టెంబరు మొదటి వారంలో చేయాలి, ఆలస్యమైతే ఉదయం వేళలు దొరకవు.

బాస్కెట్‌బాల్ విభాగం కన్వీనర్